కంప్యూటరుతో కాస్త చనువు



ఇవాళ నేను మాట్లాడబోయే సంగతి పేరు వినగానే మీలో కొందరు "అబ్బే, అది మనకెందుకండీ!" అనేస్తారేమో. కంప్యూటరు గురించి. నేను ఇంజనీరును కాను. పదో తరగతితో చదువు ఆగిపోయి సంసారంలో పడ్డదాన్ని. అయినా ఈ మాటలు చెప్పడానికి పూనుకున్నానంటే కారణం ఉంది. ఇంట్లో వాడుకునే మనిషికి ఎంత తెలిస్తే చాలునో, అంతవరకు చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదని నా నమ్మకం.

"మా ఇంట్లో కంప్యూటరే లేదుగా" అంటారా? మీ చేతిలో ఫోను ఉంది కదా, అదీ కంప్యూటరే. కాస్త చిన్నది, అంతే. గ్యాసు బుక్ చెయ్యడం, కరెంటు బిల్లు కట్టడం, పిల్లల స్కూలు ఫీజు, బ్యాంకు లెక్క, అమెరికాలో ఉన్న మనవడి ముఖం చూడడం, అన్నీ దానిలోనేగా! అంటే మనం ఇప్పటికే వాడుతున్నాం. కాకపోతే ఎలా వాడుతున్నాం? "ఇక్కడ నొక్కు, తరువాత అక్కడ నొక్కు" అని పిల్లలు చెప్పినది బట్టీపట్టి వాడుతున్నాం. ఆ బొమ్మ కాస్త పక్కకి జరిగిందంటే చేతులు ఆడవు. "ఒరేయ్, ఒక్కసారి ఇలా రారా" అని పిలవాలి. వాడు విసుక్కుంటూ వచ్చి, మన చేతిలోంచి లాక్కుని, టకటకా నాలుగు నొక్కులు నొక్కి, "అయిపోయిందమ్మా" అని ఇచ్చేసి పోతాడు. ఏం చేశాడో మనకు తెలీదు. మళ్లీ రేపూ అంతే.

వంట మనకిలా రాలేదు సుమండీ! పులుసులో ఉప్పు ఎక్కువైతే ఏం చెయ్యాలో మనకు ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. ఎందుకంటే ఉప్పు ఏం చేస్తుందో, చింతపండు ఏం చేస్తుందో తెలుసు కనుక. కంప్యూటరు విషయంలోనూ ఈ 'ఎందుకు' అనేది రెండు మూడు ముక్కలు తెలిస్తే, తక్కినవి మనమే ఊహించుకోవచ్చు.

ముందుగా ఒక భయం తీర్చేస్తాను. ఇది మగవాళ్ల విద్య అనుకోకండి. ఒకప్పుడు 'కంప్యూటర్' అంటే యంత్రం కాదు, లెక్కలు కట్టే మనిషి అని అర్థం. ఆ పని చేసినవారిలో చాలామంది ఆడవాళ్లే. 1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎనియాక్ అనే యంత్రాన్ని లోకానికి చూపించారు. సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులు, 30 టన్నుల బరువు, ఒక పెద్ద హాలు నిండా అదే. దానిచేత లెక్కలు చేయించినవారు ఆరుగురు యువతులు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. వాళ్లకి పాఠ్యపుస్తకం లేదు. యంత్రం తీగెల పటాలు ముందేసుకుని, ఏ తీగె ఏ పని చేస్తుందో ఆరా తీసి నేర్చుకున్నారు. మన దేశంలోనూ 1960 నాటికే బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థవారు టిఫ్రాక్ అనే కంప్యూటరును స్వయంగా తయారుచేసి నడిపారు. 1986లో ఢిల్లీలో రైలు టికెట్ల రిజర్వేషను కంప్యూటరు మీదికి వచ్చింది. 2001లో హైదరాబాదులో ఈసేవ కేంద్రాలు వచ్చాక బిల్లులు కట్టడానికి ఊరంతా తిరిగే బాధ తగ్గింది. అంటే ఇది మన జీవితంలోకి నిన్నా మొన్నా వచ్చిన వింత కాదు.

ఇహ అసలు విషయానికి వద్దాం. కంప్యూటరులో గానీ ఫోనులో గానీ ముఖ్యంగా మూడు ఉంటాయి. వంటిల్లు తలుచుకుంటే సులువుగా బోధపడుతుంది.

మొదటిది పని చేసే చెయ్యి. దాన్ని ప్రాసెసర్ అంటారు. చెప్పిన పని చెప్పినట్టు, మహా వేగంగా చేస్తుంది. కాని దానికి సొంత తెలివి లేదు. ఉప్పు వెయ్యమంటే వేస్తుంది, ఎక్కువైందేమో అని రుచి చూడదు.

రెండోది వంటగట్టు. దీన్ని మెమరీ అంటారు, ర్యామ్ అని కూడా అంటారు. ఇప్పుడు చేస్తున్న పనికి కావలసిన సామాను మాత్రం గట్టు మీద ఉంటుంది. గట్టు చిన్నదై, ఒకేసారి పది రకాల వంట మొదలుపెడితే ఏమవుతుంది? గిన్నె పెట్టడానికి చోటుండదు, పని మందగిస్తుంది. ఫోను నత్తలా నడుస్తున్నదంటే చాలాసార్లు కారణం ఇదే. ఈ గట్టుకి ఒక గుణం ఉంది. కరెంటు పోయిందా, దాని మీద ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

మూడోది సామాన్ల గది. దీన్ని స్టోరేజి అంటారు. కంప్యూటరులో డిస్కు అంటాం. కరెంటు ఉన్నా లేకపోయినా దీనిలో పెట్టినది అలాగే ఉంటుంది. ఫోను కొనేటప్పుడు షాపు అబ్బాయి "ఎనిమిది, నూట ఇరవై ఎనిమిది" అని రెండు అంకెలు చెబుతాడు చూడండి, ఆ 8 గట్టు కొలత, 128 సామాన్ల గది కొలత. ఇకమీదట ఆ మాట వింటే తెల్లమొహం వెయ్యనక్కర్లేదు.

ఈ మూడూ తెలిస్తే చాలు, ఎన్ని చిక్కులు విడిపోతాయో చూడండి. చీటీపాట లెక్కంతా రెండు గంటలు కూర్చుని టైపు చేశారు. కరెంటు పోయింది. లెక్క పోయింది. ఎందుకు పోయింది? గట్టు మీద ఉంది గాని, గదిలో పెట్టలేదు కనుక. 'సేవ్' అంటే గట్టు మీదిది గదిలో సర్దడమే. ఇప్పుడు కొన్ని ప్రోగ్రాములు తమంతట తామే సేవ్ చేసుకుంటున్నాయి, నిజమే. అయినా అరగంటకోసారి మనం చేసుకుంటే పోయేదేమీ లేదు.

ఇంకోటి. ఫోను బిగుసుకుపోతే "ఆపి మళ్లీ పెట్టమ్మా" అంటారు కదా! అదేదో దిష్టి తీసినట్టు ఉంటుంది మనకి. నిజానికి ఆపి పెట్టడం అంటే గట్టు మీది చిందరవందరంతా ఒక్కసారి తుడిచి, శుభ్రంగా మళ్లీ మొదలుపెట్టడం. గదిలో ఉన్న ఫోటోలకి, లెక్కలకి ఏమీ కాదు. ఈ సంగతి తెలియక ఆపడానికి భయపడేవారు ఎంతమందో!

ఇప్పుడు గదిలో ఏమి ఉంటుందో చూద్దాం. అక్షరాలుంటాయా? బొమ్మలుంటాయా? ఉండవు. అన్నీ అంకెలే. అదీ రెండే అంకెలు, సున్నా, ఒకటి. దీపం ఆర్పి ఉంటే సున్నా, వెలిగి ఉంటే ఒకటి అనుకోండి. అలాంటి ఎనిమిది దీపాల వరుసని ఒక బైటు అంటారు. ఎనిమిది దీపాలని 256 రకాలుగా వెలిగించి ఆర్పవచ్చు. ఒక్కో అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక నంబరు ఉంది. ఇంగ్లీషు పెద్ద ఏ అక్షరానికి 65. మన 'అ' నంబరు 3077, 'మ' నంబరు 3118. మనం 'అమ్మ' అని కొడితే కంప్యూటరు దాచుకునేవి నాలుగు నంబర్లు. అ, మ, పొల్లు, మళ్లీ మ. తెరమీదికి వచ్చేటప్పుడు ఆ పొల్లును చూసి, రెండో మ ను మొదటి దానికింద ఒత్తుగా దిద్ది చూపిస్తుంది. మనం చిన్నప్పుడు పలక మీద నేర్చుకున్న పద్ధతే! యూనికోడ్ అనే ఈ ఏర్పాటు వల్లనే, మీరు విజయవాడలో పంపిన తెలుగు ఉత్తరం డల్లాస్‌లో మీ చెల్లెలి ఫోనులో తెలుగుగానే కనబడుతుంది. ఇంగ్లీషు రాకపోతే కంప్యూటరు రాదన్న మాట ఇక చెల్లదు.

ఈ లెక్క ఇంటికి ఎలా పనికొస్తుందంటారా? చూడండి. మామూలుగా మన తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి. రెండువేల అక్షరాల నిండు పేజీ రాస్తే ఆరువేల బైట్లు. ఫోనుతో తీసిన ఒక ఫోటోకి ముప్ఫై లక్షల బైట్లు పట్టడం మామూలే. అంటే ఒక్క ఫోటో అయిదు వందల పేజీల చోటు తినేస్తుంది! ఇక వీడియోల సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఫోను నిండిపోయింది" అని వస్తే, మీ లెక్కలూ ఉత్తరాలూ చెరిపెయ్యకండి, వాటివల్ల చోటేమీ మిగలదు. పొద్దున్నే వచ్చి పడే పువ్వుల బొమ్మలు, శుభోదయం వీడియోలు, వాటిని చెరపండి. చోటు దానంతటదే వస్తుంది.

చెరపడం అన్నాను కనుక దాని సంగతీ చెప్పాలి. పొరపాటున చెరిపితే గుండె గుభేలుమంటుంది. కంగారు పడకండి. చాలావరకు చెరిపినది ముందు చెత్తబుట్టలోకి వెడుతుంది. కంప్యూటరులో రీసైకిల్ బిన్ అని, ఫోనులో ట్రాష్ అని ఉంటుంది. కొన్నాళ్లపాటు అక్కడ ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. టైపు చేస్తూ పొరపాటు చేస్తే కంప్యూటరులో కంట్రోల్ మీట పట్టుకుని జెడ్ నొక్కండి, చేసినది వెనక్కి పోతుంది. ఈ ఒక్క కిటుకు తెలిస్తే సగం భయం పోతుంది.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. చెత్తబుట్ట ఖాళీ చేసినా, పాత కంప్యూటరు డిస్కులలో అసలు సరుకు వెంటనే పోదు. పుస్తకంలో విషయసూచిక చింపితే పాఠాలు పోతాయా? ఇదీ అంతే. ఆ చోట మరొకటి రాసేదాకా పాతది ఉంటుంది, తెలిసినవాళ్లు తీయగలరు. అంచేత పాత కంప్యూటరును స్టీలు సామాన్లవాడికి వేసేటట్టు వెయ్యకండి. డిస్కు తీయించి దగ్గర పెట్టుకోండి. ఫోను అమ్మేముందు, కావలసినవి వేరేచోట దాచుకుని, ఖాతాలన్నింటిలోంచి బయటికి వచ్చి, 'ఫ్యాక్టరీ రీసెట్' చేయించండి. అదీ మీ కళ్లముందు.

ఇంతవరకు మన ఇంట్లో ఉన్న సామాను సంగతి. ఇప్పుడు 'క్లౌడ్' అనే మాట వింటున్నాం. మేఘం అని అర్థం. నిజానికి ఆకాశంలో ఏమీ ఉండదు. ఏదో ఊళ్లో, ఏదో కంపెనీవారి పెద్ద భవనంలో ఉన్న కంప్యూటర్లలో మన సరుకు దాచడమే. బ్యాంకు లాకరు లాంటిదనుకోండి. మన ఫోను నీళ్లలో పడినా అక్కడ భద్రంగా ఉంటుంది. కాని రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఫోనూ క్లౌడూ జోడు కట్టి ఉంటే, ఫోనులో ఫోటో చెరిపితే అక్కడా చెరిగిపోవచ్చు. 'అక్కడుంది కదా' అని ఇక్కడ చెరిపేముందు ఆ ఏర్పాటు ఎలా ఉందో చూసుకోండి. రెండోది, ఆ లాకరుకి తాళంచెవి మన పాస్‌వర్డు. అది ఎవరి దగ్గర ఉంటే సరుకు వారిది.

మాకు దగ్గర బంధువు ఒకావిడ ఉంది. భర్త బతికుండగా బ్యాంకు, ఇన్సూరెన్సు, ఇంటిపన్ను, అన్నీ ఆయనే కంప్యూటరులో చూసుకునేవారు. "నీకెందుకు, నేనున్నాగా" అనేవారు పాపం, ప్రేమగానే. ఒకనాటి రాత్రి హఠాత్తుగా పోయారు. కర్మలు అయ్యాక చూస్తే, ఏ బ్యాంకులో ఏముందో, ఏ పాలసీ ఎప్పుడు కట్టాలో ఒక్కటీ తెలీదు. అన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. పెట్టెకి తాళం ఉంది. ఆ తాళం మాట ఆయనతోనే పోయింది. నెలల తరబడి ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరిగింది. డబ్బు సంగతి కాలక్రమాన తేలింది గాని, ముప్ఫై ఏళ్ల సంసారం ఫోటోలు ఇవాళ్టికీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. "దుఃఖపడడానికి కూడా తీరిక లేకపోయిందే" అన్నది నాతో. ఆ మాట నేను మరిచిపోలేను.

అందుకే చెబుతున్నాను. ఇంట్లో ఏయే ఖాతాలు ఉన్నాయి, ఏ కాగితం కంప్యూటరులో ఏ పేరుతో, ఏ ఫోల్డరులో ఉంది అన్నది భార్యాభర్తలిద్దరికీ తెలియాలి. కంప్యూటరు తెరిచే పాస్‌వర్డు ఒక నోటుపుస్తకంలో రాసి నగలు పెట్టుకునే బీరువాలో పెట్టండి. బ్యాంకు పిన్ను మాత్రం ఎక్కడా రాయవద్దు. ఖాతాలకి నామినీ పేరు ఉందో లేదో ఇవాళే అడగండి. అడగడానికి మొహమాటం దేనికి? పసుపు కుంకుమలు చల్లగా ఉండాలని కోరుకుంటూనే ఇల్లాలు ముందుజాగ్రత్త పడవచ్చు.

ఫోటోల మాటకొస్తే, ముఖ్యమైనవి ఒక్కచోటే ఉంచకండి. రెండు నకళ్లు, రెండు వేర్వేరు చోట్ల. ఒకటి క్లౌడులో, ఒకటి చిన్న డిస్కులో. ఆవకాయ అంతా ఒక్క జాడీలోనే పెట్టం కదా!

ఇక చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. మోసాలు. ఇవి మనకి కంప్యూటరు తెలియదన్న ధీమా మీదనే నడుస్తున్నాయి. వాళ్లు యంత్రాన్ని పగలగొట్టి డబ్బు తీసుకోరు. మనచేతనే తలుపు తీయిస్తారు. ఎవరో ఫోను చేసి, "మీకు డబ్బు వచ్చింది, పిన్ను కొట్టండి" అంటాడు. ఆలోచించండి. యూపీఐలో పిన్ను అన్నది మన గదిలోంచి డబ్బు బయటికి తియ్యడానికి తాళంచెవి. డబ్బు పుచ్చుకోవడానికి తాళంచెవితో పనేముంది? ఎవరైనా మన ఇంటికి లడ్డూలు తెచ్చిస్తే, బీరువా తాళాలు అడుగుతారా? పిన్ను అడిగాడంటే డబ్బు ఇవ్వడానికి కాదు, పట్టుకుపోవడానికి. ఓటీపీ కూడా అంతే. అది ఒక్కసారికి పనిచేసే తాళంచెవి. ఎవరడిగినా, ఎంత మర్యాదగా అడిగినా చెప్పవద్దు.

మరొకడు "ఈ యాప్ వేసుకోండి మేడమ్, మీ సమస్య నేనే సరిచేస్తాను" అంటాడు. ఆ యాప్ వేస్తే మీ తెర మీద కనబడేదంతా వాడికీ కనబడుతుంది. ముక్కూమొహం తెలియనివాణ్ని వంటింట్లోకి తెచ్చి గట్టు పక్కన నిలబెట్టుకున్నట్టే. ఇంకొకడు పోలీసు బట్టలు వేసుకుని వీడియోలో కనబడి, "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, కదలకండి" అని గదమాయిస్తాడు. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పారు కూడా. అలాంటి ఫోను వస్తే మారుమాట లేకుండా పెట్టెయ్యండి. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930 నంబరుకి ఫోను చెయ్యండి. ఎంత తొందరగా చెబితే, డబ్బు చేతులు మారకుండా ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. తరువాత బ్యాంకుకి చెప్పండి. ఇంట్లోవాళ్లు కోప్పడతారని రెండు రోజులు ఊరుకుంటే దొంగ ఊరు దాటిపోతాడు.

ఇన్నీ గుర్తుండవంటారా? ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి చాలు. "ఇది ఇప్పుడు ఎక్కడుంది? దీని తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?" ఉత్తరం గట్టు మీద ఉందా, గదిలో ఉందా? ఫోటో నా ఫోనులో ఉందా, క్లౌడులో ఉందా? ఈ పిన్ను కొడితే ఏ తలుపు తెరుచుకుంటుంది? ఈ ప్రశ్న వేసుకునే అలవాటు ఉన్న మనిషిని మోసం చెయ్యడం అంత సులువు కాదు.

నేర్చుకునే పద్ధతి గురించి రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను. పిల్లలు నేర్పేటప్పుడు ఫోను వాళ్ల చేతికి ఇవ్వకండి. "నువ్వు చెప్పు నాన్నా, నొక్కేది నేనూ" అనండి. మొదటిసారి పది నిమిషాలు పడుతుంది, వాడికి విసుగొస్తుంది. రానివ్వండి! వాడికి అక్షరాలు దిద్దించినప్పుడు మనం ఎన్ని పలకలు అరగదీశామో! ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, చేసిన పని మీ మాటల్లో మీరే రాసుకోండి. తెర మీద ఏదైనా హెచ్చరిక వస్తే భయపడి 'ఓకే' నొక్కెయ్యకండి. తాపీగా చదవండి. అర్థం కాకపోతే మరో ఫోనుతో దాన్ని ఫోటో తీసి పెట్టుకుని, తరువాత అడగండి. 'అప్‌డేట్' అని వస్తే అది మన కంప్యూటరులోనో ఫోనులోనో ఉన్న సెట్టింగులలోంచి వచ్చినదైతే వాయిదా వెయ్యకండి. పాత తాళాల్లో కనిపెట్టిన లోపాలు సరిచేసి పంపడమే అది. మీ ఇంట్లో కంప్యూటరులో విండోస్ 10 ఉంటే, దానికి కంపెనీవారు మామూలుగా ఇచ్చే మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అలాంటి దానిలో బ్యాంకు పనులు చేసేముందు తెలిసినవారిని అడిగి కొత్తదానికి మార్పించుకోండి.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. మీ ఫోనులో సెట్టింగులు తెరిచి, 'స్టోరేజి' అన్నచోటికి వెళ్లి, మీ సామాన్ల గది ఎంత ఉందో, ఎంత నిండిందో, దేనితో నిండిందో మీ అంతట మీరు చూడండి. ఎవరినీ పిలవకండి. చూడడం వల్ల ఏమీ చెడిపోదు. మన ఇంట్లో పప్పు డబ్బాలో ఎంత పప్పుందో మనకి తెలుసు. ఈ గదిలో ఏముందో కూడా మనకే తెలియాలి. ఇదీ మన ఇల్లే కదా!